రెప్ప వెయ్యకుండా ఎంతసేపు?

నిమిషం అంటే ఇప్పుడు మనకు అరవై సెకన్లు. గోడ గడియారం నేర్పిన లెక్క అది. మాట పుట్టినప్పుడు దాని అర్థం వేరు. కన్ను మూసి తెరిచేటంత సేపు, అంటే రెప్పపాటు, నిమిషం. దేవతలు రెప్ప వెయ్యరు కాబట్టి అనిమిషులయ్యారు. దమయంతీ స్వయంవరంలో నలుడి వేషం వేసుకొని వరుసగా కూర్చున్న దేవతల్లో అసలు నలుణ్ణి ఆ పిల్ల పోల్చుకోవటానికి దొరికిన ఆనవాళ్లలో రెప్పపాటు కూడా ఒకటి. తరగతిలో ఈ ఘట్టం వచ్చినప్పుడు పాఠం ఒక్క క్షణం ఆగిపోతుంది. వెనక బెంచీల వాళ్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తూ పందేలు వేసుకుంటారు.

రెప్ప వెయ్యకపోవటం వల్ల దేవతలకు లాభమేమిటో తెలియదు గాని, మానవుల కంటికి మాత్రం ఆట్టే లాభం లేదు. దీపాల దగ్గర నుంచి చీకట్లోకి వచ్చి ఇరవై ముప్ఫై నిమిషాలు ఓపిక పడితే కంటిపాప విప్పారుతుంది, లోపలి పొర చీకటికి అలవాటు పడుతుంది, మొదట కనబడని చుక్కలు కొన్ని బయటపడతాయి. అంతే. ఆ తర్వాత తెల్లవార్లూ మెడ నొప్పి పుట్టేలా చూసినా కొత్త చుక్క ఒక్కటి కనబడదు. కారణమేమంటే, కన్ను వెలుతురును కూడబెట్టదు. సెకనులో సుమారు పదోవంతు సేపు పడిన వెలుతురుతో ఒక బొమ్మ కట్టి మెదడుకు అందించి, పలక తుడిచినట్టు తుడిచేసి మళ్లీ మొదలుపెడుతుంది. పులిని చూసి పరుగెత్తవలసిన ప్రాణికి అదే మేలు. నక్షత్రాలు లెక్కపెట్టవలసిన వాడికి అది చాలదు.

ఫోటో ప్లేటు గుణం వేరు. చూరు కింద పెట్టిన బిందె వంటిది అది. చినుకు పడినా, ధార కట్టినా, పడినదల్లా అందులో నిలుస్తుంది. జల్లు సన్నదైతే ఎక్కువసేపు వుంచాలి. వానలో బిందె ఎంతసేపు వుంచాలో ఇంటి ఇల్లాలికి తెలిసినట్టే, ఆకాశం కింద ప్లేటు ఎంతసేపు తెరిచి వుంచాలో ఖగోళ శాస్త్రజ్ఞుడికి తెలిసి వుండాలి. ఈ వ్యవధినే ఎక్స్‌పోజర్ అంటారు. తక్కువైతే చుక్క పడదు. ఎక్కువైతే ప్రకాశమైన చుక్కలు పొంగి, పక్కనున్న వాటిని మింగేస్తాయి. పైగా ఒక చోట గడిపిన గంట ఇంకో చోట గడపటానికి మిగలదు. రాత్రి అందరికీ ఒకటే. ఆకాశంలోకి పంపిన దూరదర్శినికైనా ఆ రాత్రి కొలతలోనే దొరుకుతుంది. అందువల్ల దూరదర్శినిని తిప్పటానికి ఎన్నో నెలల ముందే, కాగితం మీద, "ఎంతసేపు?" అన్న ప్రశ్నకు సమాధానం రాసి ఇవ్వవలసి వుంటుంది.

చిత్రమేమిటంటే, ఈ లెక్కలో తెలుగు నేలకు వున్న చుట్టరికం చాలా పాతది.

మచిలీపట్నం వచ్చిన కొలబద్ద

చుక్కల ప్రకాశాన్ని తరగతులుగా చెప్పటం గ్రీకుల కాలం నుంచీ వున్నది. పరీక్షల్లో ర్యాంకు లాంటిదే, అంకె పెరిగిన కొద్దీ చుక్క మసక. మొదటి తరగతి చుక్కలు సంధ్య వేళకే కనబడతాయి, ఆరో తరగతి చుక్కలు చిమ్మచీకట్లో మంచి కళ్లకు మాత్రమే కనబడతాయి. అయితే ఒక తరగతికీ ఇంకో తరగతికీ తేడా ఎంత? ఈ అంచనా వ్యవహారానికి 1856లో నార్మన్ పాగ్సన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కచ్చితమైన కొలత పెట్టాడు. అయిదు తరగతుల తేడా అంటే సరిగ్గా నూరు రెట్లు. ఒక్క తరగతికి సుమారు రెండున్నర రెట్లు. నేటికీ ప్రపంచమంతటా ఇదే కొలబద్ద.

ఈ పాగ్సన్ 1861లో మద్రాసు వేధశాలకు అధికారిగా వచ్చి, 1891లో చనిపోయేదాకా అక్కడే వుండిపోయాడు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఆయన మచిలీపట్నంలో మకాం వేశాడు. అదే గ్రహణానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్, ఇంగ్లీషు వారి తరఫున మేజర్ టెన్నంట్ గుంటూరులో దిగారు. సూర్యుడి అంచున లేచే జ్వాలలు మండే వాయువులని జాన్సెన్ అక్కడే గుర్తించాడు. ఆ మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని చూడగలిగాడు కూడా. మన విషయానికి కావలసింది టెన్నంట్ బృందం గుంటూరులో తీసిన ఫోటోలు. ఆ రోజుల్లో ప్లేటు తడిప్లేటు. మందు పూసి, అది తడి ఆరక ముందే వెలుతురు చూపించి, వెంటనే గుడారంలోకి పరుగెత్తి కడగాలి. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయేది అయిదు నిమిషాల పైచిలుకు మాత్రమే. ఎన్ని ప్లేట్లు తియ్యవచ్చు, ఒక్కోదానికి ఎన్ని సెకన్లు ఇవ్వాలి అన్నది ముందే తేల్చుకోకపోతే, సముద్రాలు దాటి వచ్చిన శ్రమంతా వృథా.

నూటపదకొండేళ్ల పైన గడిచాక, 1980 ఫిబ్రవరి 16న, ఇంకో సంపూర్ణ గ్రహణం హైదరాబాదుకు దగ్గరలోని జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా వెళ్లింది. ఆ మధ్యాహ్నం ఊళ్లో వీధులు ఎలా నిర్మానుష్యమైపోయాయో, తలుపులు ఎలా బిగించుకొని కూర్చున్నారో మా పెద్దలు ఇప్పటికీ చెబుతూ వుంటారు. రంగాపూర్‌లో మాత్రం తలుపులు తెరిచి వుంచారు. వాళ్ల చేతిలో వున్నది రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ. గ్రహణ సమయంలో సూర్యుడి చుట్టూ కనబడే కాంతి కిరీటం అంచు దగ్గర వున్నంత ప్రకాశంగా దూరంలో వుండదు. కొద్ది దూరం పోయేసరికే వందల రెట్లు, ఇంకా పోతే వేల రెట్లు మసకబారుతుంది. దగ్గరి భాగం సరిగా పడాలంటే చిటికెలో మూయాలి, దూరపు భాగం పడాలంటే సెకన్ల తరబడి తెరిచి వుంచాలి. ఒక్క ఫోటోలో రెండూ పడవు. అందుకని చిన్నదీ పెద్దదీ వరుసగా ఒక జాబితా రాసుకొని, ఒకడు గట్టిగా సెకన్లు లెక్కపెడుతుంటే ఇంకొకడు మూత తీస్తూ వేస్తూ, ముందు రోజుల్లో పదే పదే సాధన చేస్తారు. నాటకం రిహార్సలు వంటిదే, కాకపోతే ఈ నాటకం రెండోసారి ఆడరు.

నవాబు గారి దూరదర్శిని

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ అనే సంస్థాన ప్రముఖుడికి ఆకాశమంటే మోజు. 1901లో 15 అంగుళాల పెద్ద గ్రబ్ దూరదర్శినిని తెప్పించి ఫిసల్‌బండలో వేధశాల పెట్టుకున్నాడు. 1907లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే, 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకొని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా వేధశాల. 1919 నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

ఈ వేధశాల నెత్తిన వేసుకున్న పని మామూలుది కాదు. 1887లో పారిస్‌లో కూడిన శాస్త్రజ్ఞులు ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి, పదకొండో తరగతి దాకా వున్న ప్రతి చుక్కకూ చిరునామా రాయాలని తీర్మానించారు. ఆకాశాన్ని చాపచుట్టలా పట్టీలుగా చీల్చి ఇరవై దాకా వేధశాలలకు పంచారు. ఒక్కో ప్లేటుకు దక్కేది రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు గల చిన్న ముక్క. పూర్ణచంద్రులను పక్కపక్కన పేరిస్తే నాలుగు పట్టేటంత. చిలీ దేశంలోని శాంటియాగో వేధశాలకు ఇచ్చిన వాటా అక్కడ సాగకపోవటంతో అది హైదరాబాదుకు వచ్చింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా వున్న పట్టీ అది. తర్వాత జర్మనీలోని పోట్స్‌డాం వారి వాటాలో 36 నుంచి 39 డిగ్రీల ఉత్తరపు పట్టీ కూడా మనవాళ్లే చేశారు.

ఇక్కడే ఎక్స్‌పోజర్ లెక్క ఎంత పదునైనదో తెలుస్తుంది. చాలా చోట్ల ఒకే ప్లేటు మీద కొద్దిగా జరిపి జరిపి మూడు మార్లు తీసేవారు. ఆరు నిమిషాలు, మూడు నిమిషాలు, ఇరవై సెకన్లు. ఎందుకంటే ఆరు నిమిషాల్లో మసక చుక్క చక్కగా పడుతుంది గాని, ప్రకాశమైన చుక్క కొబ్బరికాయంత మచ్చ అవుతుంది. దాని కేంద్రం ఎక్కడో చెప్పలేము. దానికి ఇరవై సెకన్ల బొమ్మే కొలతకు పనికివస్తుంది. పైగా ధూళి మచ్చ మూడు మార్లు పడదు. మూడు చుక్కల గుంపు కనబడితేనే నిజమైన నక్షత్రమని నమ్మకం.

పారిస్ వారు ఈ పనికి 13 అంగుళాల కటకం గల దూరదర్శినిని నిర్ణయించారు. హైదరాబాదులో ఫోటోలు తీసిన కుక్ కంపెనీ దూరదర్శిని కటకం 8 అంగుళాలు. బిందె మూతి ఇరుకైతే నిండటానికి ఎక్కువసేపు పడుతుంది కదా. లెక్క ప్రకారం చూస్తే, అదే చుక్కకు అదే వెలుతురు చేరాలంటే రెండున్నర రెట్ల పైన సమయం కావాలి. అంతసేపూ భూమి తిరుగుతూనే వుంటుంది. దూరదర్శినిని గడియారపు యంత్రం తిప్పుతున్నా, పక్క గొట్టంలో ఒక చుక్కను సన్నని దారాల కూడలిలో పెట్టుకొని, అది పక్కకు జరగకుండా ఒక మనిషి కాపలా కాస్తూ వుండాలి. అనిమిషుడని అనవలసింది ప్లేటును కాదు, ఆ మనిషిని. వానాకాలం నెలల తరబడి ఆకాశం మూసుకుపోతుంది. తీసిన ప్లేటును పగలు సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కో చుక్క స్థానాన్ని కొలిచి, పట్టికలో వెయ్యాలి.

చాట్‌వుడ్, పోకాక్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారుల కాలంలో పని మొదలైంది. పోకాక్ 1918లో మరణించాక టి.పి. భాస్కరన్ డైరెక్టరు అయ్యారు. 1944 దాకా ఆయనదే భారం. 1917 మొదలు 1946 దాకా 12 సంపుటాలు అచ్చయినాయి. రెండు ప్రపంచ యుద్ధాలు, నిజాం రాజ్యం చివరి రోజులు, అన్నీ ఆ పట్టికల పక్కనుంచి నడిచిపోయాయి. అందులో ఒక్క అక్షరం చదివి ఆనందించేది లేదు. అన్నీ అంకెలే. వీటికి ఫలితం ఏమిటని అప్పట్లోనే చాలామంది అడిగారట. ప్రపంచంలోని సగం వేధశాలలను ఈ పనికి కట్టేసి, కొత్త శాస్త్రానికి సమయం లేకుండా చేశారన్న విమర్శ యూరపులోనూ వున్నది. ఆ విమర్శ పూర్తిగా అబద్ధమని నేను అనలేను. పదకొండో తరగతితో ఆగక, పద్నాలుగో తరగతి దాకా ఆకాశపటం వెయ్యాలని పెట్టుకున్న రెండో సగం పని చాలా వేధశాలల్లో మధ్యలోనే నిలిచిపోయింది. మూడు తరగతులు దిగటమంటే దాదాపు పదహారు రెట్ల వెలుతురు కావాలి మరి! దానికి తోడు ఫోటో ప్లేటుకు ఒక బద్ధకం వున్నది. మసక వెలుతురుకు సమయం రెట్టింపు ఇచ్చినా నలుపు రెట్టింపు కాదు. కొంత మింగేస్తుంది.

కాని అంకెలకు ఆయుష్షు ఎక్కువ. 1989లో యూరపు వారు హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని నక్షత్రాల స్థానాలు కొలవటానికి పంపారు. నక్షత్రాలు కదులుతాయి గాని, మనిషి జీవితకాలంలో తెలిసేటంతగా కాదు. ఎటు ఎంత కదిలాయో తెలియాలంటే పాత చిరునామా కావాలి. అమెరికా నౌకాదళ వేధశాల వారు ఆ పాత సంపుటాలన్నిటినీ, హైదరాబాదువి కూడా, కంప్యూటర్లకు ఎక్కించి లెక్కలు మళ్లీ కట్టారు. 2000లో వచ్చిన టైకో-2 అనే జాబితాలో పాతిక లక్షల నక్షత్రాల కదలికలు వున్నాయి. ఆ కదలికలకు ఒక కొస ఉపగ్రహం చేతిలో వుంటే, రెండో కొస బేగంపేటలో రాత్రులు కూర్చున్న వారి చేతిలో వున్నది.

ఆ వేధశాల ఉద్యోగి ఒకరి కొడుకు వేణు బప్పు. 1927లో పుట్టాడు, ఆ దూరదర్శినుల చుట్టూ తిరుగుతూ హైదరాబాదులో పెరిగాడు. హైదరాబాదు ప్రభుత్వపు ఉపకార వేతనం మీద హార్వర్డుకు వెళ్లాడు. 1949 జూలై 2న తాను తీసిన ప్లేటును పరీక్షిస్తుంటే అందులో అక్కడ వుండకూడని చుక్క ఒకటి కనబడింది. అది తోకచుక్క. బప్పు-బాక్-న్యూకిర్క్ అని దానికి పేరు. ఆయన స్వదేశానికి వచ్చి, 1971లో బెంగుళూరులో భారత ఖగోళ భౌతిక సంస్థను నిలబెట్టారు. 1982లో పోయారు. ఆయన నాటిన ఆ సంస్థే తర్వాత మన దేశపు అంతరిక్ష దూరదర్శినికి అతినీలలోహిత కన్ను తయారుచేసింది. ఆ సంగతికి వచ్చే ముందు, అసలు కన్నును ఆకాశంలోకి ఎందుకు పంపాలో చూద్దాం.

పున్నమి నాటి కొండ

మా జగిత్యాల వైపు వారికి కొండగట్టు అంటే అంజన్న. చైత్ర పౌర్ణమి నాడు, చిన్న హనుమాన్ జయంతికి, దీక్ష స్వాములు కాషాయ బట్టల్లో వేలకు వేలు నడిచి వచ్చి కొండ ఎక్కుతారు. ఆ రాత్రి కొండ మీద నుంచి ఆకాశం చూడండి. చంద్రుడు, రెండు మూడు గ్రహాలు, కొద్ది చుక్కలు. అంతే. అమావాస్యకు అదే చోట నిలబడితే ఆకాశం జొన్నలు ఆరబోసినట్టు వుంటుంది. చుక్కలు ఎక్కడికీ పోలేదు. వెన్నెల పరుచుకున్న ఆకాశం వాటికంటే ప్రకాశంగా వున్నది, అంతే తేడా. జాతరలో తప్పిపోయిన పిల్లవాడి ఏడుపు చెవిని పడకపోవటానికి కారణం వాడు మెల్లగా ఏడవటం కాదు.

ఈ సంగతిని అంకెల్లో పెడితే ఎక్స్‌పోజర్ లెక్క మొత్తం బోధపడుతుంది. కాంతి రేణువులు రేణువులుగా వస్తుంది. వాటిని ఫోటాన్లు అంటారు. వాన చినుకుల్లాగే అవి సమంగా పడవు. సగటున నూరు రావలసిన చోట ఒకసారి తొంభై, ఒకసారి నూటపది రావచ్చు. ఈ తడబాటు ఎంత అంటే, వచ్చిన సంఖ్యకు వర్గమూలం. నూరుకు పది, నాలుగువందలకు ఇరవై. అంటే నాలుగు రెట్లు సేపు చూస్తే గాని నమ్మకం రెండు రెట్లు కాదు. ఇప్పుడు ఒక గంటలో ఒక మసక చుక్క నుంచి 100 ఫోటాన్లు, ఆ చుక్క వున్న చోటి ఆకాశపు వెలుతురు నుంచి 900 వచ్చాయనుకుందాం. మొత్తం 1,000. తడబాటు సుమారు 32. చుక్క ఈ తడబాటుకు మూడింతలు మాత్రమే. అది చుక్కో, చినుకుల చిలిపితనమో ప్రమాణం చేసి చెప్పలేము. పది గంటలు చూస్తే చుక్కవి 1,000, మొత్తం 10,000, తడబాటు 100. ఇప్పుడు చుక్క పదింతలు. ఇక ఎవరూ కాదనలేరు. ఆకాశపు వెలుతురే లేకపోతే, ఆ నమ్మకం మొదటి గంటలోనే వచ్చి వుండేది.

హైదరాబాదు దీపాలు పెరిగిన కొద్దీ నిజామియా వారికి వచ్చిన కష్టం ఇదే. అందుకే 1960ల్లో ఊరికి దూరంగా రంగాపూర్ వెళ్లి 48 అంగుళాల దూరదర్శిని పెట్టుకున్నారు. అయినా భూమి మీద ఎక్కడికి పోయినా నెత్తిన గాలి వుంటుంది. గాలి స్వయంగా కాస్త మెరుస్తుంది. అతినీలలోహిత కిరణాలనైతే పైనున్న ఓజోను పొర అసలు కిందికి రానివ్వదు. వాటిని చూడాలంటే గాలి దాటి పైకి పోవటం తప్ప గతి లేదు.

శ్రీహరికోట నుంచి

2015 సెప్టెంబరు 28న పులికాట్ సరస్సు ఒడ్డున శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఆస్ట్రోశాట్‌ను మోసుకుపోయి 650 కిలోమీటర్ల ఎత్తున వదిలింది. సుమారు ఒకటిన్నర టన్నుల బరువు. ఖగోళ పరిశోధన కోసమే మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం అది. అందులో ఎక్స్-కిరణాల పరికరాలతో పాటు జంట అతినీలలోహిత దూరదర్శినులున్నాయి. ఒక్కోదాని అద్దం 38 సెంటీమీటర్లకు కొద్దిగా తక్కువ. జఫర్ జంగ్ గారి దూరదర్శినీ 15 అంగుళాలే, అంటే దాదాపు అంతే!

పైకి పోగానే కన్ను తెరవలేదు. రెండు నెలలు మూత వేసే వుంచారు. కొత్త ఉపగ్రహం ఒంట్లోంచి రకరకాల ఆవిర్లు వస్తాయి. అవి అద్దం మీద పేరుకుంటే, పొగచూరిన లాంతరు చిమ్నీ గతే అవుతుంది. ఆవిరంతా పోయాక తెరిచారు.

పైన రాత్రీ పగలూ లేవని, నిరంతరం చూస్తూ కూర్చోవచ్చునని మనం అనుకుంటాం. కాని ఈ ఉపగ్రహం సుమారు 98 నిమిషాలకోసారి భూమిని చుట్టి వస్తుంది. అందులో పగటి సగం ఈ కన్ను మూసుకునే వుంటుంది. మిగిలిన రాత్రి సగంలోనూ చూడదలచిన చోటును భూమి అడ్డుకోవచ్చు. దక్షిణ అమెరికా, అట్లాంటిక్ మీదుగా పోయే వేళ విద్యుత్కణాల తాకిడి ఎక్కువై పరికరాన్ని ఆపవలసి వస్తుంది. ఇవన్నీ పోను ఒక్కో చుట్టులో దక్కేది నిమిషాల్లోనే. పాతిక నిమిషాలు దక్కాయనుకున్నా, 28 గంటలు చూడాలంటే 67 చుట్లు తిరగాలి. మనం సెలవులు, ఆదివారాలు తీసివేసి పనిదినాలు లెక్కపెట్టుకున్నట్టు, వాళ్లు నిమిషాలు లెక్కపెట్టుకోవాలి.

ఇంకో గండం వెలుతురు ఎక్కువ కావటం. బాల హనుమంతుడు సూర్యుణ్ణి పండనుకొని ఎగిరి దవడ పోగొట్టుకున్న కథ కొండగట్టు వైపు పిల్లలకు ఒకరు చెప్పనక్కరలేదు. ఈ కన్ను ఒక్కొక్క ఫోటాన్‌ను లెక్కపెట్టేటంత సున్నితమైనది. చూపు మేరలో అతినీలలోహితంలో బాగా వెలిగే చుక్క ఒక్కటి పడినా పరికరం చెడిపోవచ్చు. అందుచేత సమయం అడిగే ప్రతివారూ, తాము చూడదలచిన ముక్కలో అటువంటి చుక్క లేదని లెక్క చూపించాలి. అయినా నమ్మకం చాలక, వెలుతురు హద్దు మీరితే తనంతట తానే కన్ను మూసుకునే ఏర్పాటు లోపల పెట్టారు. మనం ఇంత గొప్పగా చెప్పుకునే అందమైన చుక్కల్లో చాలావాటిని ఇది చూడనే లేదు.

అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి ఒకటి వున్నది. ఉపగ్రహం ఎంత నిలకడగా వున్నా సన్నగా ఊగుతూ వుంటుంది. కన్ను తెరిచి అలాగే వుంచితే చుక్క గీతగా సాగిపోతుంది. బేగంపేటలో కాపలా కూర్చున్న మనిషిని అక్కడికి పంపలేరు గదా. అందుకని ఈ కన్ను సెకనుకు సుమారు 29 మార్లు బొమ్మ తీస్తుంది. పక్కనే వున్న మామూలు వెలుతురు కెమెరా తెలిసిన చుక్కలను చూస్తూ ఊగిసలాట ఎంతో రాసుకుంటుంది. తర్వాత నేల మీద కూర్చుని ఆ ముక్కలన్నిటినీ సవరించి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. అనిమిష నేత్రమని అనుకున్నది నిజానికి మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా రెప్పలు వేస్తున్నదన్న మాట! రెప్ప రెప్పకూ మధ్య చూసినదాన్ని మరిచిపోకపోవటమే దాని గొప్ప.

ఇక సమయం అడగటం ఎలా? ఉపగ్రహం మీద సమయం ఎవరి సొత్తూ కాదు. శాస్త్రజ్ఞులు అర్జీ పెడతారు. ఏ చోటు, ఏ గాజువడపోత, ఎన్ని సెకన్లు, అన్ని సెకన్లే ఎందుకు. బెంగుళూరు సంస్థ వారు ఇందుకోసం ఒక లెక్కల యంత్రం తయారుచేసి పెట్టారు. చుక్క తరగతి, కావలసిన నమ్మకం ఇస్తే సెకన్లు చెబుతుంది. యంత్రం చెప్పగానే అయిపోదు. అర్జీలు చూసే పెద్దలు కొందరుంటారు. ఎక్కువ అడిగితే ఇంకెవరి నోటి దగ్గరి కూడో తీసినట్టు అవుతుంది, ఇవ్వరు. మొహమాటపడి సగం అడిగితే, ఇచ్చిన సగం కూడా దండగే. మసక వస్తువు సగం సమయంలో సగం కనబడదు, అసలు కనబడకుండా పోవచ్చు. బిడియస్థుడికి చోటు లేని లెక్క ఇది.

అమెరికా వారి హబుల్ దూరదర్శిని విషయంలో 1995 డిసెంబరులో ఇటువంటి చిక్కే వచ్చింది. అప్పటి డైరెక్టరు రాబర్ట్ విలియమ్స్ తన వాటాకు వచ్చిన సమయాన్ని, ఏమీ లేనట్టు కనబడే ఒక నల్లని ముక్క మీద పది రోజులు ఖర్చుపెట్టారు. ఏమీ కనబడకపోతే నలుగురిలో నగుబాటేనని వద్దన్నవారున్నారు. 342 బొమ్మలు తీసి పేరిస్తే, ఆ ముక్కలో నక్షత్రవీధులు వేల కొద్దీ బయటపడ్డాయి.

మన ఆస్ట్రోశాట్ చేత కూడా అటువంటి సాహసం చేయించారు. 2016 అక్టోబరులో, హబుల్ అంతకు ముందే లోతుగా చూసిన ఒక ప్రాంతం వైపు దాన్ని తిప్పి, 28 గంటలకు పైగా చూపించారు. హబుల్ అద్దం 2.4 మీటర్లు. మనది దాని ముందు చెంబు మూతి. అయినా మనదానికి ఒక అనుకూలం వున్నది. దీని లోపల పుట్టే రొద చాలా తక్కువ. ఇందాకటి లెక్కలోని 900 ఇక్కడ బాగా తగ్గిపోయిందన్న మాట. ఎక్కువసేపు చూస్తే దక్కుతుందన్న ధైర్యం అందువల్లే వచ్చింది. పూనాలోని ఐయూకా సంస్థకు చెందిన కనక్ సాహా నాయకత్వంలోని బృందం ఆ ముక్కలను పరిశీలిస్తే, ఒక నక్షత్రవీధి నుంచి తీవ్రమైన అతినీలలోహిత కాంతి వస్తున్నట్టు తేలింది. ఆ కాంతి అక్కడి నుంచి బయలుదేరి 930 కోట్ల సంవత్సరాలు ప్రయాణం చేసింది. మన సూర్యుడు, భూమి అప్పటికి పుట్టలేదు. హైడ్రోజన్ అణువులను చీల్చగల ఇటువంటి కాంతి మామూలుగా పుట్టిన వీధి దాటి రాలేదు. లోపలి వాయువే మింగేస్తుంది. తొలినాళ్లలో విశ్వమంతా కమ్ముకున్న వాయువును చీల్చి ఆకాశాన్ని తేటపరచింది ఏ వెలుతురు అన్న పాత ప్రశ్నకు ఇది ఒక ఆనవాలు.

చూడటానికి 28 గంటలు పట్టింది. అది నిజమని తమకు తాము రుజువు చేసుకోవటానికి దాదాపు రెండేళ్లు పట్టింది. చినుకుల చిలిపితనం కాదని, పక్క చుక్క వెలుతురు కాదని, పరికరం రొద కాదని ఒక్కటొక్కటిగా తోసిపుచ్చి, 2020 ఆగస్టులో నేచర్ ఆస్ట్రానమీ పత్రికలో ప్రకటించారు.

ఈలోగా ఒక నష్టం జరిగింది. జంట దూరదర్శినుల్లో ఒకటి దూరపు అతినీలలోహితాన్ని చూస్తే, రెండోది దగ్గరి అతినీలలోహితాన్నీ, మామూలు వెలుతురునూ పంచుకొని చూసేది. ఆ దగ్గరి అతినీలలోహిత భాగం 2018 మార్చిలో ఆగిపోయింది. మళ్లీ తెరుచుకోలేదు. అప్పటికి చూసినది దక్కింది, "వచ్చే ఏడాది చూద్దాం" అని వాయిదా వేసుకున్నది పోయింది. 2016లో ఆ 28 గంటలు ఇవ్వటానికి పెద్దలు వెనకాడి వుంటే, అదే ముక్కను రెండు కళ్లతో చూడటం ఆ తర్వాత ఎంత సమయం ఇచ్చినా కుదిరేది కాదు. 2018 తర్వాత అర్జీలు పెట్టినవారు మిగిలిన ఒక్క కంటికే సెకన్లు లెక్క వేసుకొని పంపారు.